కళ్ళు అలిసిపోయే మనిషి

హోటల్లో మెనూ కార్డు చేతికి రాగానే పైకి చదవడం నాకు అలవాటు. పైనుంచి కిందిదాకా, ఒక్కటీ వదలను. పెర్చ్ చేప వేపుడు, కాడ్ చేప కాల్చింది, పక్కన బంగాళాదుంప అట్లు కావాలా ముక్కలు కావాలా, క్యాబేజీ ముక్కలు, రై రొట్టె. శుక్రవారం సాయంత్రం చేపలు తినడానికి మా ఊరు ఊరంతా సరస్సు ఒడ్డున ఉన్న ఆ హోటల్‌కే వస్తుంది. నేను చదవడం మొదలుపెట్టగానే నా భర్త లైల్ కుర్చీలో వెనక్కి వాలి, పక్క బల్లల వాళ్ళకి కూడా వినపడేట్టు, "మా ఆవిడకి తిండి పేర్లు చదివితేనే సగం కడుపు నిండుతుంది" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. చివరిదాకా చదివాక అతను తీరిగ్గా, "నాకు కాడ్, అట్లు" అంటాడు. తన కార్డు బల్ల మీద మూసే ఉంటుంది. ఇన్నేళ్ళలో అది ఎవరూ గమనించలేదు. గమనించకుండా ఉండడానికే కదా నేను తిండిపోతుననిపించుకుంటున్నది.

లైల్‌కి చదవడం రాదు. బొత్తిగా రాదని కాదు. తన పేరు, దారి పొడుగునా ఉన్న ఊళ్ళ పేర్లు, యంత్రాల మీద కంపెనీ పేర్లు చూసి గుర్తుపడతాడు. నాలుగు వాక్యాలు వరసగా ఉంటే మాత్రం కాగితం నా వైపు తోసి, "చూడు, ఇదేంటో. ఎండలో తిరిగొచ్చాను, కళ్ళు లాగుతున్నాయి" అంటాడు. ఎండ లేని రోజున మంచు. మంచు లేని రోజున దుమ్ము. అతనిది బోర్లు వేసే వ్యాపారం, వాళ్ళ తాతనాటిది. విస్కాన్సిన్ ఉత్తరాన ఏ పొలంలో ఎంత లోతున నీళ్ళు పడతాయో వాళ్ళ ఇంటి మగవాళ్ళకి తెలుసంటారు. పర్మిట్లు, ఒప్పందాలు, నీళ్ళ పరీక్షల రిపోర్టులు, ఉత్తరాలకు జవాబులు మాత్రం ఇంటి ఆడవాళ్ళకి తెలుసు. అతని ఫోన్లో మనుషుల పేర్ల బదులు బొమ్మలుంటాయి. ఎర్ర కొట్టం బొమ్మ ఒక రైతు, గుర్రం బొమ్మ ఇంకొకరు. నాకు పెట్టిన బొమ్మ కాఫీ కప్పు.

ఈ పని నాకు అప్పజెప్పింది మా అత్తగారు ఆర్డిస్. పెళ్ళికి ముందు వంటింట్లో ఇద్దరం బంగాళాదుంప రొట్టెలు వత్తుతున్నాం. ఆవిడ పిండి చేతులతోనే నా మణికట్టు పట్టుకుని, "అమ్మాయ్, వాడికి కళ్ళు తొందరగా అలిసిపోతాయి. కాగితాలు నువ్వు చూసుకో. నలుగురిలో ఉన్నప్పుడు కాస్త ముందుగా నువ్వే చూసుకో" అంది. కళ్ళజోడు పెట్టుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది, అది కళ్ళజోడుతో తీరేది కాదని. అప్పటికి మా అత్తగారు మా ఊరి బళ్ళో ముప్ఫయ్యేళ్ళ బట్టి ఒకటో తరగతి టీచరు. ఊళ్ళో సగం మందికి చదవడం నేర్పింది ఆవిడే.

నేనూ టీచర్నే, రెండో తరగతికి. చదవలేక వెనకబడిన పిల్లల్ని మధ్యాహ్నం భోజనాల వేళ నా దగ్గరికి పంపడం బళ్ళో ఆనవాయితీ అయిపోయింది. "నీకు చెయ్యి తిరిగిన పని కదా, కొరీన్" అనేవాడు ప్రిన్సిపాల్. చేతిలో శాండ్‌విచ్ పట్టుకుని పిల్లల చేత చదివించడం నాకు ఉద్యోగంలో భాగం కాదు, మంచితనంలో భాగం. రెండేళ్ళ కిందట, పిల్లలకి చదవడం నేర్పే రీడింగ్ స్పెషలిస్టు ఈ ఏడాది రిటైరవుతుందని తెలిసి, ఆ పోస్టు నాకిమ్మని అడిగాను. ప్రిన్సిపాల్ ఆశ్చర్యపోయి, "దానికి మాస్టర్స్ కావాలి కదమ్మా" అన్నాడు. ఉచితంగా చేస్తే అక్కర్లేని చదువు జీతమిస్తే కావాలట. సరే, చదువుతానన్నాను.

ఇంట్లో చెప్పినప్పుడు లైల్ బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. "ఏడేళ్ళ పిల్లలకి నేర్పడానికి మళ్ళీ కాలేజీయా? నలభై దాటాక చదవడం గురించి చదువుతానంటే, ఇన్నాళ్ళూ నీకు చదవడం రాదనుకుంటారు నలుగురూ" అన్నాడు. ఆ మాట అనగలిగినందుకు అతన్ని చూసి నాకు దాదాపు ముచ్చటేసింది. జవాబు నోటిదాకా వచ్చింది. మింగాను. పెళ్ళి చేసుకున్నాక బాగా నేర్చుకున్న విద్య అదొకటి.

రెండేళ్ళు సాయంత్రం క్లాసులకి గంటసేపు కారు నడుపుకుంటూ వెళ్ళాను. పుస్తకాలు చదువుకున్నది ఎక్కువగా బట్టలుతికే మెషీన్ పక్కన నిలబడే. పిల్లలు ఎందుకు చదవలేరో, చదవలేని పిల్లలు దాన్ని దాచుకోవడానికి ఏమేం చేస్తారో పుస్తకాల నిండా ఉంది. పక్కవాడు చదివింది విని అప్పజెబుతారు. బొమ్మ చూసి ఊహిస్తారు. జోకు వేసి తప్పించుకుంటారు. ఏ పాఠం తెరిచినా లైల్ కనిపించేవాడు. మొద్దూ కాదు, బద్ధకమూ కాదు, ఏడేళ్ళప్పుడు ఎవరైనా పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పి ఉంటే వచ్చేది. ఇప్పటికీ వస్తుంది. ఆ సంగతి చదివిన రోజు యూనివర్సిటీ కారు పార్కింగులో కూర్చుని ఏడ్చాను. ఇంటికి వచ్చి మెల్లగా చెప్పాను, "లైల్, ఇది పెద్దయ్యాక కూడా నేర్చుకోవచ్చట." అతను టీవీ సౌండు పెంచాడు. ఆ వారమంతా నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఆ అవసరాలన్నీ కాగితాలే.

ఇక మిగిలింది ఈ వేసవి క్లినిక్కు, అంటే చదవలేని పిల్లలకి నేర్పి చూపించే పరీక్ష. యూనివర్సిటీలో చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి అద్దం. మన వైపు నుంచి అది అద్దమే. అవతలి వైపు నుంచి కిటికీ. అక్కడ డాక్టర్ ప్రూవిట్ అనే ప్రొఫెసర్ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మేం పిల్లలకి ఎలా నేర్పుతున్నామో చూస్తుంది. నాకు అప్పజెప్పిన పిల్ల పేరు మై. తొమ్మిదేళ్ళది, మాటకారి. మొదటి వారంలోనే మై చకచకా చదివేస్తోందని నాకు మహా గర్వంగా ఉండేది.

తర్వాత ఒక శుక్రవారం డాక్టర్ ప్రూవిట్ నన్ను అద్దం వెనక గదిలోకి పిలిచి వీడియో పెట్టింది. "సౌండు తీసేస్తున్నాను. బొమ్మ మాత్రం చూడండి." చూశాను. మై ఒక మాట దగ్గర ఆగింది. తల పుస్తకంలోంచి ఎత్తి నా ముఖం చూసింది. నా పెదాలు కదిలాయి. మై మళ్ళీ తల దించి ఆ మాట చెప్పేసింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ తల ఎత్తింది, మళ్ళీ నా పెదాలు. సౌండు లేకుండా చూస్తే ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను.

"ఈ పిల్ల పుస్తకం చదవడం లేదు కొరీన్, మిమ్మల్ని చదువుతోంది" అంది డాక్టర్ ప్రూవిట్.

"నేను కావాలని అందించడం లేదు డాక్టర్. నాకు తెలియకుండానే..."

"అదే నేను భయపడుతున్నది. తెలిసి చేస్తే మానేయొచ్చు. పిల్ల ఆగినప్పుడు మీరు చెయ్యాల్సింది ఒక్కటే. నోరు మూసుకుని, ఊపిరి నిండుగా పీల్చి, నిండుగా వదలండి. అప్పటిదాకా ఆ ఖాళీ పిల్లది, మీది కాదు." నన్ను అదోలా చూసి, "ఇంట్లో ఎవరికి అందిస్తుంటారు ఇలా?" అని అడిగింది.

ఎవరికీ లేదన్నాను. ఆవిడ రెట్టించలేదు. ఆఖరి పరిశీలన వచ్చే మంగళవారం పొద్దున్న అని మాత్రం గుర్తుచేసింది. ఆ రోజు కూడా పెదాలు కదిలితే క్లినిక్కు తప్పినట్టే, మళ్ళీ వచ్చే వేసవిలో మొదటినుంచి. వచ్చే వేసవిదాకా మా ప్రిన్సిపాల్ ఆగడు. పోస్టు బయటివాళ్ళకి ఇచ్చేసి, వెనకబడిన పిల్లల్ని భోజనాల వేళ మళ్ళీ నా దగ్గరికే పంపుతాడు.

ఆ శుక్రవారం క్లినిక్కు నుంచి తిన్నగా హోటల్‌కి వెళ్ళాను. ఆలస్యమైంది. తలుపు దగ్గర నిలబడేసరికి దూరంగా మా బల్ల కనిపించింది. లైల్, మా అత్తగారు, మా పదకొండేళ్ళ కూతురు టెస్సా. టెస్సా చేతిలో మెనూ కార్డు. పైకి చదువుతోంది, పైనుంచి కిందిదాకా, ఒక్కటీ వదలకుండా, అచ్చం నా రాగంలో. దగ్గరికి వెళ్ళేసరికి లైల్ కుర్చీలో వెనక్కి వాలి పక్క బల్ల వాళ్ళతో అంటున్నాడు, "మా అమ్మాయికి తిండి పేర్లు చదివితేనే సగం కడుపు నిండుతుంది."

అందరూ నవ్వారు. టెస్సా కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. నేను రోజూ వాడేదే.

"తల్లి పోలిక" అంది మా అత్తగారు, టెస్సా వీపు నిమురుతూ.

తిరిగొస్తుంటే టెస్సా నా కార్లో కూర్చుంది. ఎప్పటినుంచి అలా చదువుతున్నావని మామూలుగా అడిగినట్టు అడిగాను. "నువ్వు కాలేజీలో బిజీగా ఉంటున్నావు కదా అమ్మా. నాన్నకి కళ్ళు తొందరగా అలిసిపోతాయని నానమ్మ చెప్పింది. నలుగురిలో ఉన్నప్పుడు కాస్త ముందుగా నన్నే చూసుకోమంది. ట్రక్కులో మెసేజ్‌లు కూడా నేనే చదివి జవాబిస్తాను. నాన్న నన్ను సెక్రటరీ గారూ అంటాడు" అని సంబరంగా చెప్పింది. తర్వాత కాస్త తగ్గి, "సోమవారం ఈతకి వెళ్ళనా అంటే నాన్న పనుందన్నాడు. ఫరవాలేదులే" అంది. ఫరవాలేదులే అన్న మాట పదకొండేళ్ళకే దానికి ఎలా పట్టుబడిందో ఎవర్నీ అడగక్కర్లేదు. నేర్పిన టీచర్ని నేనే.

మర్నాడు పొద్దున్న మా అత్తగారింటికి వెళ్ళాను. మా పెరడు దాటితే ఆవిడ ఇల్లు. వంటింట్లో కూర్చుని పచ్చడికి పుల్లటి రూబార్బ్ కాడలు తరుగుతోంది. నేను కూర్చోలేదు.

"అత్తయ్యా, టెస్సాకి ఆ పని చెప్పకండి."

"ఏ పని?" అంది ఆవిడ, కత్తి ఆపకుండా.

"మీకు తెలుసు. ఊళ్ళో పిల్లలందరికీ నేర్పారు. లైల్‌కి ఎందుకు నేర్పలేదు?"

కత్తి ఆగింది. "ఊళ్ళో పిల్లల్ని వాళ్ళ అమ్మలు నా దగ్గరికి పంపారు. నా పిల్లాణ్ణి నేను ఎవరి దగ్గరికి పంపను? టీచరు కొడుక్కి చదువు రాదని తెలిస్తే ఏ మొహం పెట్టుకుని క్లాసులోకి వెళ్ళను?" కత్తి పక్కన పెట్టింది. "కూర్చోబెట్టాను, కొరీన్. రోజూ కూర్చోబెట్టాను. వాడు ఒక మాట దగ్గర ఆగేవాడు. నా వంక చూసేవాడు. ఆ చూపు చూస్తే నాకు ఊపిరాడేది కాదు. చెప్పేసేదాన్ని. ఇంకెవరి పిల్లలకైనా ఆగేదాన్ని గాని, వాడికి ఆగలేకపోయాను. తర్వాత నువ్వు వచ్చావు."

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామనే వెళ్ళాను. రాలేదు. ఆవిడ పెదాలు చూస్తూ నిలబడ్డాను. సన్నగా, ఇంకా ఏదో అందించబోతున్నట్టు కదులుతూనే ఉన్నాయి. ఆ పెదాలే నాకు వచ్చాయి, నా తర్వాత టెస్సాకి వస్తున్నాయి. ముగ్గురం తలో తరం. మధ్యలో మూసిన కార్డు ముందు పెట్టుకుని అతనొక్కడు.

ఆ మధ్యాహ్నం షెడ్డులో రిగ్గుకి గ్రీజు పెడుతున్న లైల్ దగ్గరికి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే అతను, "మంగళవారం పొద్దున్న సరస్సు అవతల సమ్మర్ క్యాంపు వాళ్ళు వస్తున్నారు. పెద్ద కాంట్రాక్టు. కాగితాలు అక్కడికక్కడే చూసి సంతకం పెట్టాలట. నువ్వుంటావని చెప్పేశాను" అన్నాడు.

"మంగళవారం నా ఆఖరి పరిశీలన, లైల్. నాలుగుసార్లు చెప్పాను."

"ఒక్కపూట మానితే ఏమవుతుంది?"

"చదువంతా పోతుంది."

"పోతే పోనీ. మనకేమన్నా తిండికి తక్కువైందా? సరే, నువ్వు రాకపోతే మానెయ్, టెస్సాని కూర్చోబెడతాను. దానికి నీకంటే హుషారు."

కోపం వస్తే నాకు గొంతు పెరగదు, పడిపోతుంది. "టెస్సా కూర్చోదు. నీ కోసం టెస్సా ఇంక దేనికీ కూర్చోదు. నేనూ అంతే. వచ్చే శుక్రవారం దాకా కాదు, రేపటినుంచే. కాగితాలు ముందురోజే తెప్పించు, మీ వకీలు చూసి చెబుతాడు. అది వ్యాపారం. రేపు ఆదివారం కదా, మధ్యాహ్నం అందరం సరస్సు దగ్గర తింటున్నాం. అక్కడ నేను మెనూ చదవను. ముందే చెబుతున్నాను, తర్వాత నలుగురిలో పరువు తీశావనకు."

"చదవకపోతే?"

"నువ్వు చదువుతావు. రాకపోతే ఆగుతాను. నేర్చుకుంటానంటే ఎన్నేళ్ళయినా పక్కన కూర్చుంటాను. కానీ నీకు బదులు చదవను."

అతను గ్రీజు గుడ్డ నేలకేసి కొట్టాడు. "రెండేళ్ళు కాలేజీకి పంపినందుకు నన్ను పిల్లల బెంచీ మీద కూర్చోబెడతావా?" అన్నాడు. అతను పంపలేదు, నేనే వెళ్ళాను. ఆ మాట అందామనుకున్నాను గాని, అతని ముఖం చూసి ఊరుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో అతన్ని అంత భయంగా ఎప్పుడూ చూడలేదు. దగ్గరికెళ్ళి పట్టుకోవాలనిపించింది. "సరేలే, నేను చూసుకుంటాను" అనాలనిపించింది. ఒక్క మాట, అంతే, అందరం మళ్ళీ మామూలైపోతాం. నోరు మూసుకుని ఇంట్లోకి వచ్చేశాను.

ఆదివారం చర్చి అయ్యాక హోటల్ కిటకిటలాడింది. లైల్ రాడేమో అనుకున్నాను. వచ్చాడు. నేను ఆ మాట నిలబెట్టుకోలేననే ధైర్యమై ఉంటుంది. వడ్డించే డోరీన్ కార్డులు పంచి, "ఆదివారం మెనూ మొత్తం మార్చేశారు, ఒకసారి చూసుకోండి" అని పక్క బల్లకి వెళ్ళింది. టెస్సా అలవాటుగా కార్డు తెరిచి నోరు తెరిచింది. బల్ల కింద దాని చెయ్యి పట్టుకున్నాను. నా వంక అయోమయంగా చూసి ఆగింది.

నేను నా కార్డు నాలో నేనే చదువుకున్నాను. కోడి కూర, పంది మాంసం, అడవి బియ్యం సూప్. ఇంత కాలంగా ఈ హోటల్లో కార్డు మొదలునుంచి చివరిదాకా చదివినదాన్ని, నాకేం తినాలనుందో చూసుకున్నది ఇదే మొదటిసారి. సూప్ తినాలనిపించింది.

లైల్ నా ముఖం చూస్తున్నాడు. తల ఎత్తకపోయినా తెలుస్తోంది. ఎదురుగా మా అత్తగారి పెదాలు కదిలాయి. నేను ఆవిడ కళ్ళలోకి చూశాను. ఆవిడ గ్లాసు ఎత్తుకుని, నీళ్ళు తాగుతున్నట్టు పెదాలకి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ దించలేదు.

నా పెదాల వెనక ఆ వరసంతా తయారుగా ఉంది, కాస్త సందిస్తే చాలు, దానంతటదే వచ్చేస్తుంది. మంగళవారం మై ఆగినప్పుడు నేను ఆగగలనో లేదో ఇక్కడే తేలిపోతుంది. అద్దం వెనక డాక్టర్ ప్రూవిట్ లేదు. ఊరు ఊరంతా ఉంది. నిండుగా ఊపిరి పీల్చాను, నిండుగా వదిలాను.

లైల్ లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. కుర్చీ కిర్రుమంది కూడా. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత అతను చెయ్యి చాపి కార్డు తెరిచాడు. గ్రీజు మరక పోని చూపుడువేలు మొదటి వరస కిందికి వచ్చి ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది.

డోరీన్ పెన్ను పట్టుకుని వచ్చి నిలబడింది. "ఏం లైల్, ఇంకా తేల్చుకోలేదా? ఈ రోజు మీ ఆవిడ పాట పాడలేదేంటి?" అని నవ్వి నా వైపు తిరిగింది. పక్క బల్ల వాళ్ళు కూడా తిరిగారు.

"నాకు సూప్" అన్నాను. "ఆయన దగ్గర కొంచెం ఆగు, డోరీన్. చదువుతున్నాడు."